ముక్కు పైకెత్తిన బండి

తన పనితనం మీద ఎవరూ నోరు చేసుకోకముందే హార్లన్ టెస్కే తనే మొదలుపెట్టేవాడు. "నేను ఏ పనైనా రెండుసార్లు చేస్తానండోయ్. మొదటిసారి చెడగొట్టడానికి, రెండోసారి ఆ చెడగొట్టింది విప్పడానికి" అనేవాడు. పక్కవాడు అనేలోపు మనమే అనేసుకుంటే ఆ మాట అంతగా గుచ్చుకోదని అతని నమ్మకం. ముప్ఫై ఏళ్ళు చీజ్ ఫ్యాక్టరీలో దిమ్మలు కోసే యంత్రం దగ్గర నిలబడిన మనిషి, ఒక్క దిమ్మ కూడా వంకరగా కోసి ఎరగడు. ఇంటికొచ్చి పానా పట్టుకుంటే మాత్రం ఆ చేతులు ఇంకెవరివో అయిపోయేవి.

వాళ్ళింట్లో స్నానాలగదిలో చన్నీళ్ళ పంపు తిప్పితే వేణ్ణీళ్ళు వస్తాయి. పెరట్లో అతను స్వహస్తాలతో వేసిన చెక్కమెట్లలో ఒకటి కాలు పెట్టగానే పక్కకి ఒరుగుతుంది. అతని భార్య లోర్నా వచ్చిన ప్రతి చుట్టానికీ గుమ్మంలోనే అప్పగింతలు పెట్టేది: "కోటు ఇటివ్వండి. బాత్రూంలో కుడి పంపు జోలికి పోకండి. పెరట్లో కింది మెట్టు దాటేసి దిగండి." చుట్టాలు నవ్వేవాళ్ళు. అందరికన్నా గట్టిగా హార్లన్ నవ్వేవాడు.

ఇక వాళ్ళ ఎస్‌యూవీ సంగతి. ఇరవై ఏళ్ళ నాటిది. ఒకప్పుడు ముదురు ఎరుపు. విస్కాన్సిన్‌లో చలికాలం రోడ్ల మీద గుమ్మరించే ఉప్పు తిని తిని చక్రాల పైన అంచులన్నీ చిల్లులు పడ్డాయి. ఇంజను మాత్రం గుండ్రాయిలా ఉంది. ఆ బండికి పుట్టుకతోనే ఒక తీరుంది. ముందు భాగం కాస్త దిగి, వెనక భాగం కాస్త లేచి ఉంటుంది. వెనక పడవ తగిలిస్తే ఆ బరువుకి వెనక్కి దిగి సమంగా నిలబడాలని కంపెనీవాళ్ళే అలా చేశారు. హార్లన్ పడవ అమ్మేసి చాలా ఏళ్ళయింది. పడవ పోయినా బండి మాత్రం తలొంచుకునే ఉండిపోయింది.

ఎదురింటి వెండెల్‌కి అది నచ్చేది కాదు. జీవితమంతా పాల ట్యాంకర్ నడిపి రిటైరైన మనిషి, పొట్ట కూడా ట్యాంకరంతే. అతని వాకిట్లో కొత్త పికప్ ట్రక్కు రొమ్ము విరుచుకుని నిలబడి ఉంటుంది.

"ఏంట్రా హార్లన్, నీ బండి ఏదో పోగొట్టుకుని నేలంతా వెతుక్కుంటున్నట్టుంది?"

"నా పరువురా. ఇక్కడే ఎక్కడో పడేసుకున్నా."

"లెవెలింగ్ కిట్ పెట్టించు. ముక్కు లేస్తుంది."

హార్లన్ నవ్వేసి ఊరుకునేవాడు. ఊరుకుని ఉంటే ఈ కథే ఉండేది కాదు.

మొన్న వసంతంలో లోర్నాకి తుంటి కీలు మార్చాలన్నారు డాక్టర్లు. బడి వంటశాలలో పాతికేళ్ళు సిమెంటు నేల మీద నిలబడి పిల్లలకి వడ్డించింది, ఎడమ తుంటి అరిగిపోయింది. ఆవిడ దేనికీ బెదిరే మనిషి కాదు. ఆపరేషన్ తేదీ గోడ క్యాలెండర్ మీద రాసి, ఫ్రీజర్ నిండా వంటలు చేసి పెట్టుకుంది. హార్లన్‌ని ఒక్కటే అడిగింది.

"నన్ను ఇంటికి నువ్వే తీసుకురావాలి. మన బండిలో, ముందు సీట్లో. ఆసుపత్రి వాళ్ళ తెల్ల వ్యాను మాత్రం వద్దు."

ఎందుకు వద్దో అతనికి తెలుసు. లోర్నా వాళ్ళమ్మకి కాలు విరిగినప్పుడు ఆసుపత్రి నుంచి చక్రాల కుర్చీతో సహా అలాంటి వ్యానులోనే ఎక్కించారు. ఇంటికి కాదు, ముసలివాళ్ళ ఆశ్రమానికి. నాలుగు రోజులు కోలుకుని వెళ్ళిపోవచ్చన్నారు. ఆవిడ మళ్ళీ తన వంటింటి మొహం చూడలేదు. లోర్నా ఆ రోజు వ్యాను వెనకాలే కారులో వెళ్ళింది. వెనక అద్దంలోంచి అమ్మ తల ఒక్కటే కనిపించిందని, ఎటూ తిరక్కుండా అలాగే ఉందని ఒక్కసారి చెప్పింది. మళ్ళీ ఎప్పుడూ ఆ మాట ఎత్తలేదు.

"అదెంత పనే! రాణీగారిలా తీసుకొస్తా" అన్నాడు హార్లన్.

అన్నాడు గానీ ఆ రోజునుంచి అతనికి లోపల ఒకటే గుబులు. లోర్నా లేని ఇల్లు అతనికి తెలీదు. పొద్దున్నే కాఫీ కప్పు ఎత్తితే చెయ్యి వణికి టేబుల్ మీద ఒలికేది. "చూశావా, కప్పు కూడా సరిగ్గా చెయ్యలేకపోతున్నారీ కంపెనీలవాళ్ళు" అని తుడిచేసేవాడు.

ఆపరేషన్‌కి ముందు రోగినీ ఇంట్లోవాళ్ళనీ కలిపి ఆసుపత్రిలో ఒక క్లాసు పెడతారు. ఇద్దరూ వెళ్ళారు. నర్సమ్మ ప్లాస్టిక్ తుంటి ఎముకొకటి చేత్తో పట్టుకుని, "ఇదిగో, ఇక్కడ కోస్తాం, ఈ గుండు తీసేస్తాం" అని టక్కున ఊడదీసి చూపించింది. హార్లన్ చటుక్కున చూపు తిప్పుకున్నాడు. తల దించుకుని టేబుల్ కింద ఫోను తెరిచాడు. ఏది కనిపిస్తే అది చూడాలి, ఆ ఎముక తప్ప. కనిపించింది లెవెలింగ్ కిట్. అంతా కలిపి రెండు లోహపు బిళ్ళలు, గుప్పెడు బోల్టులు. ముందు స్ప్రింగుల నెత్తిన ఆ బిళ్ళలు బిగిస్తే ముక్కు లేచి బండి సమంగా నిలబడుతుందట. "ఇంట్లోనే, ఒక్క మధ్యాహ్నంలో!" అని రాసి ఉంది. క్లాసు అయ్యేసరికి హార్లన్ దాన్ని కొనేశాడు. నర్సమ్మ ఇంకా ఏమేం చెప్పిందో దేవుడికి తెలియాలి.

ఇంటికొస్తూ దారిలో దానికో కారణం కూడా తయారుచేసుకున్నాడు. ముక్కు కిందికి ఉంటే లోర్నా సీట్లో ముందుకి జారిపోతుంది, కొత్త తుంటికి ఇబ్బంది. సమంగా చేస్తే హాయిగా వెనక్కి ఆనుకుని కూర్చుంటుంది. ఆహా, ఎంత ముందుచూపు! ఇంత తెలివి ఇన్నాళ్ళూ ఎక్కడ దాచుకున్నావురా హార్లనూ, అని తనని తానే మెచ్చుకున్నాడు.

శనివారం పొద్దున బండి ముందు భాగం జాకీ మీద లేపాడు. ఆ వీధిలో ఒక ఆనవాయితీ ఉంది. ఏ వాకిట్లోనైనా ఒక మగాడి కాళ్ళు బండి కింద నుంచి బయటికి కనపడితే చాలు, చుట్టుపక్కల గరాజుల తలుపులు ఒక్కొక్కటే లేస్తాయి. మడతకుర్చీలు చంకన పెట్టుకుని, చేతిలో బీరు డబ్బాలతో వచ్చి కూర్చుంటారు. సాయం అడిగితే చేస్తారు. సలహాలు అడక్కుండానే ఇస్తారు. ఆ రోజు మొదటి కుర్చీ వెండెల్‌ది. రెండోది మూలింటి ఆర్లీస్‌ది. పొలాలన్నీ తిరిగి ట్రాక్టర్లు బాగుచేసిన ముసలావిడ, వీధి మొత్తంలో పానా పట్టడం తెలిసింది ఆవిడకే.

"చక్రం తీశావు సరే, ఆ బోల్టులకి నూనె కొట్టి నానబెట్టావా?" అంది ఆర్లీస్.

"ఇప్పుడే కొట్టా."

"నిన్న రాత్రే కొట్టాల్సింది నాయనా. ఉప్పు తిన్న బోల్టు అది, నీ మాట వింటుందా?"

వినలేదు. ఒక్కో బోల్టూ కన్నీళ్ళు పెట్టించింది. హార్లన్ లాగాడు, తన్నాడు, బతిమాలాడు, తిట్టాడు. తుప్పు రాలి కళ్ళల్లో పడింది. ఒక బోల్టు ఊడొచ్చిందని సంబరపడి పైకి లేవబోయి బంపరుకి నెత్తి కొట్టుకున్నాడు.

"బంపరుకేం కాలేదుగా?" అన్నాడు వెండెల్ కుర్చీలోంచి.

స్ప్రింగు బయటికి తీసి, నెత్తిన బిళ్ళ బిగించేసరికి మధ్యాహ్నమైంది. తీరా చూస్తే ఆ బిళ్ళతో పొడవు పెరిగి స్ప్రింగు తిరిగి దాని చోట్లోకి దూరదు. హార్లన్ ఒక ఇనుప గడ్డపార పెట్టి కింది చట్రాన్ని తొక్కాడు, అంగుళం కదల్లేదు. అప్పుడు వెండెల్ డబ్బా పక్కన పెట్టి, మెల్లిగా లేచి, వచ్చి ఆ గడ్డపార చివర కూర్చున్నాడు. చట్రం కిర్రుమని దిగింది, స్ప్రింగు టక్కున దూరింది. కుర్చీలన్నీ చప్పట్లు కొట్టాయి.

"నలభై ఏళ్ళుగా ఈ పొట్ట పెంచింది ఎందుకనుకున్నావ్?" అన్నాడు వెండెల్.

రెండో పక్క ఆదివారం అయింది. కిందికి దించి వీధి అవతలికి వెళ్ళి చూసుకున్నాడు హార్లన్. బండి గీత గీసినట్టు సమంగా ఉంది, కొంచెం ఎక్కువే సమంగా ఉంది, నిజం చెప్పాలంటే ముక్కు వెంట్రుకవాసి పైకే ఉంది. ఆ సాయంత్రం హెడ్‌లైట్లు వేస్తే వెలుగు రోడ్డు మీద కాకుండా వెండెల్ వాళ్ళ మేడగది కిటికీలో పడింది. అదొక్కటీ మర్నాడు సరిచేసుకున్నాడు. చక్రాలు తిన్నగా తిరుగుతున్నాయో లేదో షెడ్డులో చూపించాడు. లోర్నా వంటింటి కిటికీలోంచి అంతా చూస్తూనే ఉంది, ఒక్క మాట అనలేదు.

ఆపరేషన్ రోజు పొద్దున ఆవిడ పై పిడి పట్టుకుని, పళ్ళు బిగబట్టి, మూలుగుతూ ఎక్కింది.

"కొండెక్కినట్టుంది" అంది.

"కదా!" అన్నాడు హార్లన్ పొంగిపోయి.

ఆపరేషన్ బాగా జరిగింది. మర్నాడే నడిపించారు, ఇంటికి పంపేస్తామన్నారు. హార్లన్ బండి కడిగి, తుడిచి, ఆసుపత్రి గుమ్మం ముందు ఆపాడు. లోర్నా చక్రాల కుర్చీలో బయటికొచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుంది, ఒళ్ళో చేతిసంచి. వెంట ఫిజియోథెరపిస్టు, ఇంగ్రిడ్ అనే పొడుగాటి అమ్మాయి. ఆ అమ్మాయి బండి తలుపు తీసి, సీటు మీద అరచెయ్యి ఆనించి, వంగి పక్కనుంచి చూసి, నుదురు చిట్లించింది.

"టెస్కే గారూ, ఈ సీటు వెనక్కి వాలి ఉందేంటండీ?"

"పాత సీటమ్మా. ఇరవై ఏళ్ళు కూర్చున్నాం, వెనక భాగం కుంగింది. కానీ బండి చూడు, ఎంత సమంగా ఉందో! నేనే చేశా."

"కుంగితే కుంగింది. ముందు వైపు కాస్త దిగి ఉంటే సరిపోయేది. ఇలా అయితే మోకాళ్ళు తుంటికన్నా పైకొస్తాయి. మొదటి వారాల్లో అది అస్సలు కూడదని క్లాసులో చెప్పారు కదా? సీటు వెనక్కి వాలకూడదు, ఎత్తు ఎక్కకూడదు. అవి రెండే ముఖ్యంగా చెప్తాం."

హార్లన్ వంగి సీటు వంకా, బండి ముక్కు వంకా మార్చి మార్చి చూశాడు. ముందుకి జారుతుందని అతను భయపడ్డ ఆ వాలే లోర్నాకి కావలసింది. కంపెనీవాళ్ళు ఇరవై ఏళ్ళ కిందట బిగించి పంపింది సరిగ్గా అదే. రెండు రోజులు నెత్తి పగలగొట్టుకుని దాన్ని తీసేసింది తను.

ఇంగ్రిడ్ మెత్త ఒకటి వేసి చూసింది. మెత్త వేస్తే ఎత్తు ఇంకా పెరిగింది, లోర్నా పొట్టి మనిషి. "ఇక్కడైతే గట్టు మీదనుంచి ఎక్కించొచ్చు, మీ ఇంటి దగ్గర దిగేది ఎలాగండీ? అంత ఎత్తునుంచి దింపడం నాకు ఇష్టం లేదు. పోనీ మా వ్యాను పిలవనా? కుర్చీతో సహా ఎక్కించేస్తారు."

లోర్నా ఒళ్ళో సంచిని రెండు చేతులతో గట్టిగా పట్టుకుంది, అంతే. ఎటూ తిరక్కుండా ఎదురుగా చూస్తూ కూర్చుంది. హార్లన్ కుర్చీకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

"వద్దమ్మా, వ్యాను వద్దు. సాయంత్రం దాకా ఆగుతారా? ఒక్క సాయంత్రం దాకా. నేను వెళ్ళి ఈ దరిద్రాన్ని విప్పి పారేసి వస్తా."

ఇంగ్రిడ్ లోర్నా వైపు ఒకసారి చూసి, "చీకటి పడేలోపు వస్తే పర్లేదు" అంది. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకుందో ఆలోచించే స్థితిలో లేడు హార్లన్.

దారి పొడుగునా తనని తాను తిట్టుకుంటూనే నడిపాడు. "ఒరే హార్లనూ, నీకు బుర్రిచ్చింది టోపీ పెట్టుకోవడానికట్రా? ఆ మనిషి అడిగింది ఒక్కటి! ఇల్లడిగిందా, నగలడిగిందా? ముందు సీట్లో కూర్చోబెట్టి తీసుకురమ్మంది. చంటిపిల్లాడు చేస్తాడీ పని! నువ్వు దానిక్కూడా పానా పట్టుకెళ్ళావ్!" ఎప్పుడూ తనమీద తను వేసుకునే జోకులే ఇవి. ఈసారి మాత్రం నవ్వు రాలేదు. కళ్ళు మసకబారితే చొక్కా చేతితో తుడుచుకున్నాడు.

వాకిట్లోకి వస్తూనే హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. వెండెల్ గరాజు తలుపు లేచింది.

"మళ్ళీ ఏమైందిరా?"

"విప్పెయ్యాలిరా. ఇప్పుడే. లోర్నా అక్కడ కోటేసుకుని కూర్చుంది. ఈ ముక్కు దిగితే తప్ప ఇంటికి రాలేదు."

వెండెల్ కుర్చీ తేలేదు, డబ్బా తేలేదు. ఆర్లీస్ తన పానాల పెట్టె ఈడ్చుకుంటూ వచ్చి, "నువ్వు కుడివైపు, నేను ఎడమవైపు. మాట్లాడేవాళ్ళు అవతలికి పోండి" అంది. వీధిలో ఎవరూ నవ్వలేదు, సలహా ఇవ్వలేదు. అలాంటి రోజు ఆ వాకిలి ఎప్పుడూ చూడలేదు. వింతేమిటంటే ఈసారి బోల్టులు వెన్నలా ఊడొచ్చాయి. శనివారం అంత అవస్థ పడి తుప్పు వదిలించి, గ్రీజు రాసి బిగించింది హార్లనే. మొదటిసారి సరిగ్గా చేసిన పని ఉంటే అదొక్కటే, అది విప్పడానికి పనికొచ్చింది. వెండెల్ చెప్పకుండానే వచ్చి గడ్డపార మీద కూర్చున్నాడు. ఆర్లీస్ ప్రతి బోల్టూ తన చేత్తో మళ్ళీ బిగించి చూసింది. "నెమ్మదిగా పోనియ్. రేపు నేనే షెడ్డుకి తీసుకెళ్ళి చక్రాలు చూపిస్తా" అంది. బండి కిందికి దిగి, ఎప్పటిలా తలొంచుకుని నిలబడింది. హార్లన్ చేతులు కూడా కడుక్కోకుండా ఎక్కేశాడు.

ఆసుపత్రి గుమ్మంలో ఇంగ్రిడ్ మళ్ళీ సీటు మీద అరచెయ్యి ఆనించింది, వంగి చూసింది, తలూపింది. లోర్నా వెనక్కి తిరిగి, సీటు అంచున ఆని, మెల్లిగా రెండు కాళ్ళూ లోపలికి తిప్పుకుంది. ముందు సీట్లో కూర్చుంది.

ఊరు దాటాక హార్లన్ మొదలుపెట్టాడు. తను ఎంత మొద్దో, ఫోను ఎలా చూశాడో, బంపరు నెత్తికి ఎలా తగిలిందో, అన్నీ చెప్పి తనే నవ్వబోయాడు. లోర్నా నవ్వుతూ వింది. విని, "నువ్వు ఫోను చూస్తున్నావని నాకు తెలుసు" అంది.

"తెలుసా?"

"పక్కనే కూర్చున్నాగా. ఆవిడ చెప్పిందంతా నేను విన్నా. సీటు వాలకూడదని కూడా విన్నా."

హార్లన్ బండి వేగం తగ్గించాడు. "మరి శనివారం పొద్దున నేను జాకీ ఎత్తుతుంటే చెప్పలేదేమే?"

"చెప్తే ఏం చేసేవాడివి?"

"మానేసేవాణ్ణి."

"మానేసి?"

మానేసి వంటింట్లో కూర్చుని గోడ క్యాలెండర్ వంక చూసేవాడు.

"నీ చేతులు చూశాను హార్లన్. నెల్రోజులుగా కప్పు పట్టుకుంటే ఒలికిపోతోంది. ఆ పానా పట్టుకున్నాక వణుకు ఆగింది. రెండు రోజులు ఆ చప్పుడు వింటూ కూర్చున్నా, నాక్కూడా కాస్త ధైర్యంగానే ఉంది. పోనీలే, ఎలాగూ నువ్వు ఏ పనైనా రెండుసార్లు చేస్తావుగా అనుకున్నా. సాయంత్రం దాకా ఉంచమని ఆ పిల్లకి పొద్దున్నే చెప్పి పెట్టా."

"వ్యాను అన్నప్పుడు నీ మొహం అలా పెట్టావు కదే మరి!"

"అప్పుడు మాత్రం భయమేసింది" అంది లోర్నా. "నువ్వు ఎక్కడ సరేనంటావో అని."

హార్లన్ గ్రీజు చేతులు స్టీరింగు మీద నిలకడగా ఉన్నాయి.

వాకిట్లో మడతకుర్చీలు వరసగా వేసి ఉన్నాయి. గుమ్మం పక్కన ఎవరెవరో తెచ్చి పెట్టిన వేడి వంటల గిన్నెలు తువ్వాళ్ళు కప్పుకుని ఉన్నాయి. లోర్నా సీటు అంచుకి జరిగి, రెండు పాదాలూ నేలకి ఆనించి, నడవడానికి ఆసుపత్రివాళ్ళిచ్చిన ఊత చట్రం పట్టుకుని లేచి నిలబడింది. వెండెల్ డబ్బా పైకెత్తాడు.

"ఏం లోర్నా, ఎలా ఉంది ప్రయాణం? మీ ఆయన చేసిన మరమ్మతు చూశావా?"

హార్లన్ అలవాటు కొద్దీ నోరు తెరిచాడు, వాళ్ళు అనేలోపు తనే అనేద్దామని. లోర్నా అతని మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"చూశా. మా ఆయన నాకోసం చేశాడు. చక్కగా కుదిరింది" అంది అందరికీ వినపడేలా.

తనని తాను వెక్కిరించుకోవడానికి హార్లన్‌కి ఆ క్షణాన ఒక్క మాట కూడా దొరకలేదు. తల దించుకుని, ఆవిడ పక్కనే ఒక్కో అడుగూ వేస్తూ గుమ్మం దాకా నడిచాడు.